రెండు మంటలు



అపొస్తలుల కార్యములు చదివినవారికి మెలితే ద్వీపము తెలియనిది కాదు. పౌలుతో కలిపి ప్రయాణము చేసిన 276 మంది, ఓడ బద్దలైనప్పుడు ఒడ్డు చేరినది అక్కడికే. మధ్యధరా సముద్రములో, ఇటలీకి దక్షిణాన ఉన్న నేటి మాల్టాయే ఆ ద్వీపము.

ఆ దీవి పడమటి తీరాన కొండ అంచున ఒక రాతిబాట ఉన్నది. పైన గట్టి సున్నపురాయి, దాని క్రింద మెత్తని నీలి బంకమన్ను. వానకు మన్ను జారితే పైనున్న బండలు విరిగి దొర్లుతాయి. కనుక బాటసారి అంచుకు దూరముగా, అడుగు చూచుకొని నడవాలి. ఆ కొండమీద ఐన్ తుఫీహా అనే నలుచదరపు కావలి బురుజు ఉన్నది. 1637లో కట్టినది. అక్కడినుండి మెట్లు దిగి, ఇసుక దాటి, మట్టి గట్టు ఎక్కి దిగి, మరల ఎక్కితే లిప్పీయా బురుజు. అదియు 1637 నాటిదే. నడిచేవానికి చెమట పట్టించే దూరము. కాని ఒక బురుజుమీది మంట రెండవ బురుజుకు వెంటనే కనబడుతుంది.

ఇవి ఎందుకు కట్టారు? 1551లో శత్రునౌకలు ప్రక్కనున్న గోజో దీవిమీద పడి సుమారు 5,000 మందిని, దాదాపు దీవి జనమంతటిని, బానిసలుగా పట్టుకొనిపోయినవి. ఆ కాలములో ఆ సముద్రముమీద ఇరుపక్షములవారూ మనుష్యులను పట్టి అమ్మేవారు. అందుకే బురుజులు లేచాయి. 1658, 1659 సంవత్సరములలో మరి 13 కట్టారు. ఒకదానికొకటి కనబడునట్లు వరుసగా నిలిపారు. పగలు పొగ, రాత్రి మంట. బురుజులో ఉండేది కొద్దిమందే. ఓడలనన్నిటిని ఎదిరించుట వారివల్ల కాదు. చూచుట, చూచినది తెలియజేయుట వారి పని. కావలివాడు నిద్రపోతే క్రింది పల్లెలోని బిడ్డలు సంతలో అమ్ముడుపోతారు.

పంటచేలో మంచె వేసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. యెహెజ్కేలు 33వ అధ్యాయములో దేవుడు కావలివానిని లెక్క అడుగుతున్నాడు. అపాయము చూచి ఊరకున్నవాడు నిర్దోషి కాడు. మన వీధిలో ఒక పిల్లవాడు త్రాగుడుకు, సెల్‌ఫోను జూదానికి అలవాటుపడుచుండగా చూచి, “మనకెందుకు, వాళ్లతో మాట వస్తుంది” అని తలుపు వేసికొనేవారము ఎందరము?

అయితే అదే దీవిలో ఇంకొక మంటయు ఉన్నది. వానలో, చలిలో తడిసి వచ్చిన పరదేశులకు ఆ దీవివారు మంట వేసి చేర్చుకొన్నారు. బంధకములలో ఉన్న పౌలు సహితము పుల్లలు ఏరి అందులో వేశాడు. అది ఆదరించే మంట.

ఇంటికి ఈ రెండు మంటలూ కావాలి. హెచ్చరికే తప్ప ఆదరణ లేని ఇంటికి తప్పిపోయిన కుమారుడు తిరిగి రాడు. ఆదరణే తప్ప హెచ్చరిక లేని ఇంట, వాడు తప్పిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. మందలించిన నోటితోనే రాత్రికి “అన్నం తిన్నావా, నాయనా?” అని అడగాలి.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో యెహెజ్కేలు 33, అపొస్తలుల కార్యములు 28 అధ్యాయములు పిల్లలచేత చదివించండి. తరువాత ఒక్కొక్కరు ఒక పేరు చెప్పండి: మనము హెచ్చరించవలసినవారు ఎవరు? చేర్చుకొనవలసినవారు ఎవరు? రెండు ప్రశ్నలకూ ఒకే పేరు రావచ్చును. ఆ పేరు ఎత్తి ప్రార్థించి, తెల్లవారగానే ఆ ఇంటికి వెళ్లండి.