మెచ్చేవారు మెండు, కొనేవారే కరవు

చిన్న కారులో పెద్ద ఇంజన్ పెడితే అభిమానులు ఆకాశానికెత్తుతారు. షోరూమ్ దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

కొత్త కారు కొన్నవారిని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ధర గురించి. రెండోది, లీటరుకు ఎంతిస్తుందని. ఆ రెండో ప్రశ్నకు నవ్వి ఊరుకునేవారు దేశంలో కొద్దిమంది ఉన్నారు. వారే హాట్ హ్యాచ్ అభిమానులు. రోజూ ఆఫీసుకూ, కూరగాయల మార్కెట్‌కూ తిరిగే మామూలు హ్యాచ్‌బ్యాక్‌కే బలమైన ఇంజన్, బిగుతైన సస్పెన్షన్, గట్టి బ్రేకులు అమర్చితే హాట్ హ్యాచ్ తయారవుతుంది.

ఈ వంశానికి మూలపురుషుడు జర్మనీ కారు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దర్శనమిచ్చి, 1976లో అమ్మకానికి వచ్చింది. శక్తి 110 హార్స్‌పవర్. ఓ 5,000 కార్లు చేస్తే చాలనుకున్న కంపెనీ తొలి తరంలోనే 4.6 లక్షలకు పైగా అమ్మింది. వారమంతా సంసారానికి, ఆదివారం సరదాకి ఒకటే బండి. రెండు కార్లు కొనే స్తోమత లేనివారికి ఇంతకంటే ఏం కావాలి? అలాంటివారే ఎక్కువగా ఉన్న భారత్‌లో మాత్రం ఈ రకం కారు ఎన్నడూ నిలదొక్కుకోలేదు.

ప్రయత్నాలు జరగకపోలేదు. 2001లో ఫియట్ పాలియో వచ్చింది. అందులో 1.6 లీటర్ల జీటీఎక్స్ మోడల్ 100 హార్స్‌పవర్ ఇచ్చేది. దిట్టమైన బాడీ, మలుపుల్లో రోడ్డును వదలని పట్టు, చేతికి రోడ్డు తీరు చెప్పే స్టీరింగ్... దాన్ని నడిపినవారు ఇప్పటికీ వీటి గురించి ముచ్చటించుకుంటారు. అయితే పెట్రోలు తాగడంలోనూ అది అంతే ఘనాపాటి. ఫియట్ సర్వీసు మీద జనానికి గురి కుదరలేదు కూడా. సచిన్ టెండూల్కర్ ప్రచారం చేసినా ఆ రెండు అనుమానాలూ పోలేదు.

ఆ తర్వాత అడ్డం వచ్చింది పన్ను. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి పి. చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే నిర్వచనం ఏమిటి? పొడవు నాలుగు మీటర్లు, పెట్రోలు ఇంజనైతే 1,200 సీసీ మించకూడదు. అంతటితో దేశంలో చిన్న కార్ల ఇంజన్లన్నీ ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి. 2005లో 1.3 లీటర్ల పెట్రోలు ఇంజన్‌తో వచ్చిన మారుతీ స్విఫ్ట్ కూడా 2010లో 1.2 లీటర్లకు కుదించుకుంది. విదేశాల్లో పేరున్న స్విఫ్ట్ స్పోర్ట్ కోసం ఇక్కడి అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. దాని ఇంజన్ మొదట 1.6, తర్వాత 1.4 లీటర్లు. అది భారత్‌కు రానే లేదు.

గీత దాటి వచ్చిన ఓ ధైర్యశాలి ఉంది. 2015 అక్టోబర్‌లో విడుదలైన అబార్త్ పుంటో. 1.4 లీటర్ల టర్బో ఇంజన్, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ధర రూ. 9.95 లక్షలు. ఆ డబ్బుకు అంత శక్తి మరే కారులోనూ లేదన్నది అభిమానుల మాట. లోపలి అలంకరణ పాతదని వారే ఒప్పుకునేవారు. కానీ మెచ్చుకున్నవారిలో ఎక్కువమంది చివరికి కొన్నది వేరే బండి. 2019 వచ్చేసరికి ఫియట్ భారత్‌లో కార్ల అమ్మకమే మానేసింది.

గీతకు ఇవతలే ఉంటూ ఆట ఆడొచ్చని చూపించింది పోలో జీటీ టీఎస్ఐ. 2013లో వచ్చింది. ఇంజన్ 1,197 సీసీయే. అయితే బయటకు పోయే పొగ వేగంతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనంగా గాలి ఎక్కించే టర్బో ఉండటంతో 105 హార్స్‌పవర్ ఇచ్చింది. మారుతీ బాలెనో ఆర్ఎస్ (2017), హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (2021), టాటా అల్ట్రోజ్ రేసర్ (2024) పట్టింది అదే దారి.

ఇక్కడే అభిమానుల మధ్య తగువు. పోలో జీటీలో ఉన్నది ఆటోమేటిక్ గేర్‌బాక్స్. చేత్తో గేరు మార్చనిదే సరదా ఏముందని ఒక వర్గం, అది మార్చినంత చురుగ్గా మనిషి మార్చలేడని మరో వర్గం. ఐ20 ఎన్ లైన్‌పై వచ్చిన విమర్శ వేరు. మామూలు ఐ20 టర్బో ఇంజన్‌నే తెచ్చి, సస్పెన్షన్ బిగించి, సైలెన్సర్ మోత పెంచి, ఎర్ర గీతలు అద్దితే హాట్ హ్యాచ్ అవుతుందా అని. క్లచ్ పెడల్ లేని గేర్‌బాక్స్ ఇచ్చారన్న అసంతృప్తి అంతకంటే ఎక్కువగా వినిపించింది. 2023లో కంపెనీ ఆరు గేర్ల పూర్తి మాన్యువల్ ఇచ్చింది. అంటే అభిమానుల గోల వృథా పోలేదన్నమాట. అయితే గేర్‌బాక్స్ మార్పించగలిగినవారు అమ్మకాలు పెంచగలరా అన్నదే ప్రశ్న. బాలెనో ఆర్ఎస్ మూడేళ్లు కూడా నిలవలేదు. పోలో ఉత్పత్తి 2022లో ఆగిపోయింది.

అసలు ఇంత వేగం మన రోడ్లకు అవసరమా అనేవారూ ఉన్నారు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో పది మందికి ఏడుగురి మరణానికి అతివేగమే కారణమని ప్రభుత్వ లెక్క. హాట్ హ్యాచ్ గొప్పతనం గరిష్ఠ వేగంలో కాదు, అరకు ఘాట్ లాంటి మలుపుల రోడ్డులో అదుపు తప్పకపోవడంలోనూ, బ్రేకు తొక్కగానే ఆగడంలోనూ ఉందన్నది అభిమానుల జవాబు. అందులో నిజం లేకపోలేదు. కానీ మంచి బ్రేకులున్నాయన్న ధీమా కూడా ప్రమాదమే. సరదా తీర్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి, ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడా ట్రాకులున్నాయి. ఇంత పెద్ద దేశానికి అవి చాలవన్నదీ నిజమే.

2025లో రెండు ఘటనలు ఈ కథను మలుపు తిప్పాయి. మేలో మూలపురుషుడు గోల్ఫ్ జీటీఐ స్వయంగా భారత్‌కు వచ్చింది. 265 హార్స్‌పవర్, 5.9 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం, పూర్తిగా దిగుమతి. తొలి విడత 150 కార్లూ ధర చెప్పకముందే బుక్కయ్యాయి. చెప్పాక తెలిసిన ధర రూ. 52.99 లక్షలు. జర్మనీలో సామాన్యుడి సరదాగా పుట్టిన కారు ఇక్కడ శ్రీమంతుల గ్యారేజీకి చేరింది.

రెండోది, సెప్టెంబర్ 22న అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ. చిన్న పెట్రోలు కారుపై సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. 1,200 సీసీ దాటితే, 1,500 సీసీ లోపు కార్లకు 45 ఉన్నది 40 అయింది. రెండూ తగ్గాయి నిజమే, మధ్య తేడా మాత్రం 16 నుంచి 22కి పెరిగింది. మరో అబార్త్ రావడం ఇక కష్టమే. 1,200 సీసీ లోపు టర్బో హ్యాచ్‌లకు మాత్రం ఇంతకంటే మంచి కాలం ఎప్పుడూ లేదు.

కాబట్టి పది లక్షల దరిదాపుల్లో మాన్యువల్ గేర్లున్న హాట్ హ్యాచ్ బతుకుతుందా లేదా అన్నది ఇక ఆర్థికమంత్రి చేతుల్లో లేదు. పాలియోను, పుంటోను, పోలోను పోయాక పొగిడినవారు, ఈసారి షోరూమ్‌లో ఉండగానే చెక్కు రాస్తారా అన్నదాని మీద ఆధారపడి ఉంది.