నాకు నేనే నేర్చుకోలేదు

నిరుడు హైదరాబాదులో ఒక ప్రదర్శనకు నా బొమ్మలు నాలుగు తీసుకున్నరు. ఫోన్ల గీసిన బొమ్మల్ని పెద్దగ ప్రింటు తీసి, అద్దాలు బిగించి, ఒక్కోదాని పక్కన ఒక అట్టముక్క అంటించిన్రు. నా అట్టముక్క మీద నా పేరు, ఊరు గోదావరిఖని, కింద ఒక మాట: 'స్వయంగా నేర్చుకున్న డిజిటల్ కళాకారిణి'. పక్క గోడకు బొమ్మలున్నాయన అట్టముక్క మీద ఆయన చదివిన కాలేజీ ఉన్నది, ఆయన గురువుగారు ఉన్నడు, ఆ గురువుగారి గురువు కూడ ఉన్నడు. నాకు కాలేజీ లేదు కాబట్టి గురువులు కూడ ఉండరని రాసినోళ్లే తేల్చుకున్నరు. నన్నొక మాట అడుగలేదు.

మెచ్చుకోలుగానే రాసిన్రని నాకు తెలుసు. ప్రదర్శన పెట్టినాయన చేతులు జోడించి "మీరు ఏకలవ్యుడి లాంటివారు మేడం" అన్నడు కూడ. నేను నవ్విన. సర్కారు బడి పంతులమ్మను, నలుగురిలో నవ్వుడు అలవాటు. బస్సెక్కి ఇంటికొచ్చేదాక ఆ మాట గొంతుల ముల్లు లెక్క గుచ్చుతనే ఉన్నది.

అయ్యా, ఏకలవ్యుడు తనను కాదన్నవాని బొమ్మను మట్టితోని చేసుకొని, దానికి మొక్కి విద్య నేర్చుకున్నడని గదా మీ కథ? నేను ఏ ద్రోణుని బొమ్మ చేయలేదు. మీ గోడల చాటున నిలబడి దొంగతనంగ నేర్చుకున్నది నా దగ్గర ఏదీ లేదు. నాకు నేర్పినోళ్లు ఉన్నరు. వాళ్లకు పని ఉన్నది, వాడ ఉన్నది, కులం ఉన్నది. అవి ఉండబట్టే మీ అట్టముక్క మీద వాళ్లకు జాగ దొరకలేదు.

ముందుగాల నాకు చెడు నేర్పిన బడి గురించి చెప్పాలె. అది కూడ దాచను.

2005ల ఇంటర్ చదువుకుంట, ఎయిటింక్లైన్ కాలనీ నుంచి చౌరస్తాకు వచ్చి ఒక ఫ్లెక్సీ షాపుల పనికి కుదిరిన. మా ఇంట్ల డిగ్రీ దాక పోయిన మొదటి మనిషిని నేనే. ఆ ఫీజులు షాపు జీతంలకెళ్లే కట్టిన. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్, అన్నీ అక్కడ్నే. అంతకుముందు ఖనిల గోడరాతలు రాసే ఆర్టిస్టులు ఉండె. ఫ్లెక్సీ మిషన్ వచ్చినంక వాళ్ల చేతులు ఖాళీ అయినయి. అట్ల ఖాళీ అయిన ఒక తాత మా షాపులనే ఫ్లెక్సీలను చెక్కచట్రాలకు కొట్టే పనికి వచ్చిండు. నేను అక్షరాలు ఇరికిస్తుంటే వెనుక నిలబడి "అక్షరానికి అక్షరానికి నడుమ గాలాడాలె బిడ్డా" అనేటోడు. నాకు నేర్పినోళ్లల్ల ఆయన ఒకడు. కూలికి మొలలు కొట్టినోడు.

షాపు నేర్పింది వేరే. మనిషి మొఖాన్ని తెల్లగ చేసుడు. ఫొటోషాప్‌ల కర్వ్స్ అని ఒక గీత ఉంటది. దాన్ని నడుమల పట్టుకొని మీదికి గుంజితే మొఖం తెల్లబడ్తది. డాడ్జ్ టూల్‌తోని ముక్కు మీద, చెంపల మీద తుడిస్తే మెరుస్తది. లీడర్ల మొఖాలు, పెండ్లి మొఖాలు, తొట్టెల మొఖాలు, శ్రద్ధాంజలి మొఖాలు. నాలుగేండ్లు అదే పని. ఏప్రిల్ 14 వస్తే బాబాసాహెబ్‌ను కూడ. మా వాడ యూత్ పిల్లలే వచ్చి "అక్కా, సారు మొఖం జర బ్రైట్ చెయ్యి" అనేటోళ్లు. నీలం కోటు, ఎర్ర టై, నడుమ క్యాలెండర్ దేవుని లెక్క గులాబిరంగు మొఖం. మనుధర్మం సంస్కృతంలనే ఉన్నదని ఎవలన్నరు? ఫొటోషాప్‌ల కూడ ఉన్నది. దాన్ని నడిపిన చెయ్యి మాదిగపిల్లది.

డీఎస్సీ-2012ల టీచరు ఉద్యోగం వచ్చి షాపు ఇడిసిన. 2016 జనవరి 17న హెచ్‌సీయూల రోహిత్ వేముల సచ్చిపోయినంక రెండు రాత్రులు నిద్రపట్టక ఫోన్ మీద వేలుతోని ఆయన బొమ్మ గీసిన. అడిగినోడు లేడు, పైసలిచ్చినోడు లేడు. నా మొదటి సొంత బొమ్మ అది. హాస్టల్‌లకెళ్లి వెళ్లగొట్టిన ఐదుగురు పిల్లలు ఆరుబయట 'వెలివాడ' కట్టుకుంటే దానికి మన పెద్దల బొమ్మలున్న ఫ్లెక్సీలే గోడలైనయి. అది చూసినంకనే ఫ్లెక్సీ మీద నా అసహ్యం కొంచెం తగ్గింది. కని ఇప్పుడు ఆ పాత బొమ్మ తీసి చూస్తే, రోహిత్ మొఖం ఆయన అసలు రంగు కంటె రెండు పాళ్లు తెలుపు. కోపంతోని గీసిన బొమ్మల కూడ నా చెయ్యి షాపు పనే చేసింది. అప్పుడు నాకు తెల్వలేదు.

తెలిసింది 2019ల. మా బాపు సచ్చిపోయిండు. బాపు కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్‌తోని టబ్బులు నింపిన మనిషి. దినాలకు ఫ్లెక్సీ నేనే చేసిన. ఏడ్చుకుంటనే చేసిన. పొద్దుగాల ఇంటిముందు కట్టినంక అవ్వ వచ్చి దానిముందు చానాసేపు నిలబడ్డది. "ఎవలే బిడ్డా ఈయన?" అన్నది. ఆమెకు కండ్లు కనపడక కాదు. ఆ రాత్రి నాకు తెల్వకుండనే నా చెయ్యి ఆ గీతను మీదికి గుంజింది. నలభై ఏండ్లు కాపురం చేసిన మనిషిని ఆమె గుర్తుపట్టలేదు.

'మీ ప్రేరణ ఏమిటి' అని అడుగుతరు గదా. ఇదే. సిగ్గు.

బాపును మల్ల గీయనీకి పదకొండు నెలలు పట్టింది. ఉచితంగ దొరికే యాప్ అది, ఒక యాడ్ చూస్తే కొన్ని గంటలు బ్రష్షులిస్తది. గిన్నెలు కడిగి, పిల్లల్ని పండవెట్టి, రాత్రి పదిన్నరకు కూసునేది. ఉన్నది ఒక్కటే ఫొటో. మొదటి షిఫ్టు దిగొచ్చి, ఇంకా స్నానం చెయ్యక, క్వార్టర్ గడపల కూసున్నది. బాయిల ఫొటో దిగనీకి మా వాడల ఎవలకు కెమెరా ఉండె? 1889ల ఇల్లెందు కాడ తీసుడు మొదలైన కాన్నుంచి సింగరేణి బొగ్గుకు టన్నులల్ల లెక్కలున్నయి. మిషన్లు, ఓపెన్‌కాస్టులు వచ్చి తట్ట చెమ్మస్ పని పోయింది. ఆ పని చేసినోళ్ల మొఖాలు ఏడున్నయి?

ఆ ఫొటోల బాపు చెంప మీద రంగు ఎత్తుకునే టూల్ పెట్టి చూసిన. నలుపు రాలేదు. ఇటుకరంగు వచ్చింది. గదువ కింద వంకాయ రంగు. నుదుటి మీద నీలం, అప్పుడే పగిలిన బొగ్గు మీద వెలుగు పడితే కనపడే నీలం. కండ్ల అంచులల్ల ఎంత సబ్బు పెట్టినా పోని బొగ్గు, కాటుక లెక్క. నలుపు అని మనం ఒక్కమాట అంటం, యాప్ కూడ ఒక్క గడి ఇస్తది. ఆ గడిలకెళ్లి నేను ఒక్క చుక్క తీసుకోలేదు. తెలుపు మొత్తానికే మానేసిన. మెరుపు కావాల్సినచోట నీలం పెట్టిన.

వెలుగు ఎటుదిక్కు నుంచి పడాలె అనేది ఇంకో తండ్లాట. బొమ్మల పుస్తకాలు ఎడమదిక్కు కిటికీల నుంచి అంటయి. బాయిల కిటికీ ఎక్కడిది? బాపు చెప్పేటోడు: లోపల ఎవని వెలుగు వాని నెత్తి మీదనే ఉంటది, నువ్వు ఎటు చూస్తే అటే వెలుగు. ఎదుటి మనిషితోని మాట్లాడేటప్పుడు టోపీలైటు వాని కండ్లల్ల కొట్టకుండ తల జర పక్కకు తిప్పాలె, అది మర్యాద. నా బొమ్మలల్ల మొఖానికి ఒక పక్కనే వెలుగుంటది. ఆ మర్యాద అది.

నేను బాయి దిగలేదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడదాన్ని భూమి లోపలి పనికి దిగనియ్యలేదు. 2019ల సడలించిన్రు, అదీ టెక్నికల్, సూపర్‌వైజర్, మేనేజర్ పనులకే. నాకు లోపలి నక్ష చెప్పింది బాపు. చిన్నప్పుడు క్వార్టర్ గచ్చు మీద బొగ్గుపెల్లతోని గీసేటోడు. ఇది డిప్, ఇది రైజ్, ఇవి లెవల్స్, నడుమ ఇడిసిన ఈ గడులు పిల్లర్లు, పైకప్పును మోసేది ఇవే. అగ్గిపెట్టెలు వరుసగ పెట్టి టబ్బుల దారి చూపేటోడు. దూరం పోయినకొద్ది దారి ఎట్ల సన్నబడ్తదో గీసి చూపించింది ఆయన. కాలేజీల దాన్ని పర్‌స్పెక్టివ్ అంటరు, మార్కులేస్తరు. ఏలిముద్ర మనిషి నేర్పితే మాత్రం 'స్వయంగా' అంటరు.

బొమ్మ అయినంక అవ్వకు చూపించిన. ఏమనలేదు. ఫోన్‌ను కొంగుతోని తుడిచి చూసింది, మల్ల తుడిచింది.

అవ్వ గురించి ఎక్కువ రాయను, చదివి వినిపిస్తే తిడ్తది. ముగ్గేసేటప్పుడు ఆమె గీత తప్పితే చెరపదు. ఆ తప్పునే అటు తిప్పి ఇటు తిప్పి పువ్వు చేస్తది. నాకు వెనక్కు పోయే బటన్ ఉన్నది. దాన్ని ఎక్కువ నొక్కిననాడు నా బొమ్మ పాడయితది.

ఇగ డక్కలాయన సంగతి. అది చెప్పకపోతే ఈ రాసిందంత అబద్ధం అయితది.

మంథని దిక్కు మా ఊరికి ఎండకాలం సెలవులకు పోయేటోళ్లం. ఒక ఏడు డక్కలోళ్లు వచ్చిన్రు. చెర్యాల నకాషీలు గీసిన గుడ్డపటం కట్టిన్రు. ఎర్రటి నేల, మీదినుంచి కిందికి అడ్డం పట్టీలు, ఒక్కో పట్టీల కథ ఒక్కో ముక్క. జాంబపురాణం. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుని బిడ్డలం మనమని చెప్పే కథ. నా బడి పుస్తకాలల్ల మా కులం మాటే లేని రోజులు. ఆయన కర్ర పట్టుకొని ఒక్కో బొమ్మను చూపుకుంట పాడుతుంటే తెల్లారేదాక కూసున్న. నా బొమ్మలు నిలువుగ పొడుగ్గ ఎందుకుంటయని అడిగేటోళ్లకు జవాబు అదే. బాపు ఒక్క షిఫ్టును మస్టర్ నుంచి స్నానం దాక పదమూడు పట్టీలల్ల గీసిన. ఫోన్ల కిందికి జరుపుకుంట చూడాలె. ఏకలవ్యుని మాట తెచ్చినాయన గమనించాలె, ఆ పటాన్ని జరిపేది బొటనవేలే. 2011ల వచ్చిన 'భీమాయన'ల పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అంబేద్కర్ జీవితాన్ని గీసిన్రు. కామిక్ గడులల్ల మనుషులను ఇరికియ్యమని వాళ్లు గడులే తీసేసిన్రు. ఆ పుస్తకం చూసినంక నాకు ధైర్యం వచ్చింది.

కని ఆ డక్కలాయన ఎక్కడ కూసున్నడు? మా మాదిగవాడ బయట, చింతచెట్టు కింద. మా బాపమ్మ అన్నం దూరంనుంచి ఒంపింది. నేను చెంబుతోని నీళ్లు అందియ్యబోతే వీపు మీద ఒక్కటి చరిచింది. ఊరు మమ్ముల ముట్టుకోదు, మేం వాళ్లను ముట్టుకోం. ఆయన పేరు ఎవ్వలు అడుగలేదు. నేను కూడ అడుగలేదు. హైదరాబాదుల నాకు చేసింది, మేం ఆయనకు ఎప్పుడో చేసినం.

మీ 'స్వయంగా' అనే మాటకు లోకంల పెద్ద పేరు వాన్‌గో. ఆయనకు కూడ బొగ్గు బెల్టు తెలుసు. 1878 చివర్ల బెల్జియంల బోరినాజ్ గనుల మధ్యకు మతబోధకునిగ పోయిండు, బాయి దిగి చూసిండు, బొమ్మలు గట్టిగ పట్టుకున్నది అక్కడ్నే. బొగ్గుసంచులు మోసే ఆడోళ్లను ఆయన గీసిన బొమ్మలంటే నాకు ప్రాణం. కని ఆయనకు బొమ్మల వ్యాపారం చేసే నాయిన అన్నదమ్ములున్నరు. పదహారేండ్లకే, 1869ల, బొమ్మలమ్మే కంపెనీల కొలువు. తమ్ముడు థియో అదే వ్యాపారంల ఉండి పైసలు పంపిండు. ఆంటన్ మావ్ అనే చుట్టం 1881ల రంగులు పట్టుడు చూపించిండు. ఇంతమంది ఉన్నాయనను 'స్వయంగా' అంటే అది ఆయన గొప్ప. నన్ను అంటే నా ఎనుక ఎవ్వలు లేరని.

మనోళ్లను కూడ ఇడువను. ఎర్రజెండా గోడల కింద పెరిగిన మనిషిని నేను. ఆ గోడల మీది కార్మికునికి పిడికిలి ఉంటది, కండ ఉంటది. కులం ఉండదు, పెండ్లాం ఉండదు. తట్ట మోసిందెవలు, హుకుం చేసిందెవలు అని ఆ బొమ్మ అడుగది. మన దళిత సంఘాలేమో జయంతికి వారం ముందు "అక్కా, ఒక బొమ్మ ఎయ్యరాదు" అని వస్తయి. తెల్లారేసరికి కింద నా సంతకం కోసేసి, ఆ జాగల లీడరు మొఖం పెడ్తరు, బాబాసాహెబ్ మొఖం కంటె పెద్దగ. సభల కళ గురించి మాట్లాడనీకి మాత్రం కాలేజీల చదివినాయనే రావాలె.

మా బడిల మూడో తరగతి పిల్లలకు రంగుపెన్సిళ్లు కొనిస్తే మొఖాలకు అందరు ఏరుకున్నది లేత గులాబి. దాని పేరే స్కిన్ కలరట. "మీ అమ్మ ఇట్లుంటదా?" అంటే ఒక పిల్ల "బొమ్మల ఇట్లనే ఉండాలె టీచర్" అన్నది. నేను పదిహేడేండ్లకు షాపుల నేర్చింది ఈ పిల్లకు ఎనిమిదేండ్లకే వచ్చేసింది. మాట చెప్తే బొమ్మ గీసిచ్చే ఎఐ కూడ వచ్చింది గదా ఇప్పుడు. మొన్న ఒక పిల్లగాడు నా ఫోన్ల 'బొగ్గుబాయి కార్మికుడు' అని కొట్టిండు. వచ్చినాయన మొఖం మీద మసి ఉన్నది, మసి కింద తోలు తెలుపు. మా బాపు నలుపు మసి కాదని ఆ మిషన్‌కు ఎవలు చెప్పాలె? క్లాసుల పెన్సిళ్లు పక్కకు పెట్టించిన. ఇటుకపొడి, బొగ్గు, పసుపు, కుంకుమ ఇంటినుంచి తెచ్చుకొని, ఎవల చెయ్యి పక్కన వాళ్లు పెట్టి చూసుకుంట కలుపుతున్నరు. అంగీలు కరాబ్ అయితున్నయని తల్లులు లొల్లి పెడ్తున్నరు.

ఈ నెల ఇంకో ప్రదర్శన వాళ్లు ఉత్తరం రాసిన్రు. కళాకారిణి పరిచయం ఇరవై మాటలల్ల పంపాలెనట. నేను పంపింది ఇది: 'బొగ్గు నింపిన బాపు దగ్గర దూరం, ముగ్గేసే అవ్వ దగ్గర గీత, గోడరాతల తాత దగ్గర అక్షరం, మేం పేరు అడుగని డక్కలాయన దగ్గర పటం నేర్చుకున్నది. తెల్లగ చేసుడు ఒక షాపుల నేర్చుకొని, ఇంకా మర్చిపోతనే ఉన్నది.' మాటలు ఎక్కువైనయని ఫోన్ చేసిన్రు. ఎవలను తీసెయ్యాల్నో మీరే చెప్పున్రి అన్న. ఇంకా చెప్పలేదు.