అంగదుని సందేహం

వాల్మీకి రామాయణంలోని కిష్కింధాకాండలో ఒక సన్నివేశం ఉంది. సీతాన్వేషణకు బయలుదేరిన వానరవీరులు దక్షిణ సముద్రతీరానికి చేరారు. ఎదుట ఉన్న నూరు యోజనాల కడలిని చూసి నిశ్చేష్టులయ్యారు. ఎవరెంత దూరం లంఘించగలరో చెప్పమని యువరాజైన అంగదుడు అడిగాడు. ఒకడు పది యోజనాలన్నాడు, మరొకడు ఇరవై అన్నాడు. వృద్ధుడైన జాంబవంతుడు తొంభై అన్నాడు. చివరకు అంగదుడు తాను నూరు యోజనాలూ దూకగలనని చెప్పి, తిరిగి రాగలనో లేదో మాత్రం నిశ్చయంగా చెప్పలేనన్నాడు. ఆ యువకుని సందేహం ఎంతో విలువైనది. దూకే శక్తి వేరు, దూకిన తరువాత నిలదొక్కుకొనే శక్తి వేరు. యువ క్రీడాకారుల విషయంలో సమాజం తరచుగా మరచిపోతున్న సత్యం ఇదే.

ఇరవై ఏళ్ళు నిండని క్రీడాకారుల కోసం ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు 1986లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో ప్రారంభమయ్యాయి. 2016 నుండి వీటిని అండర్-20 పోటీలని వ్యవహరిస్తున్నారు. ఇందులో పురుషుల లాంగ్ జంప్ చూడటానికి సులభంగా కనిపించే కఠినమైన పోటీ. క్రీడాకారుడు పరుగుబాటపై అతివేగంగా వచ్చి, 20 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డుపై కాలు మోపి ఎగరాలి. బోర్డు అంచును దాటితే ఆ దూకు ఎంత గొప్పదైనా లెక్కకు రాదు. ఇసుకలో పాదాలు ఎంత ముందు పడినా, వెనుకకు తూలి చేయి ఆనిస్తే ఆ చేతి గుర్తు వరకే దూరాన్ని కొలుస్తారు. అంటే ఎగిరిన ఎత్తుతో, వేగంతో పని పూర్తి కాదు. నేలకు దిగే తీరు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆటలోని ఈ నియమం క్రీడాకారుని జీవితానికీ వర్తిస్తుందనడానికి ఇద్దరు జూనియర్ విజేతల చరిత్రలే నిదర్శనం.

మొదటివాడు చైనాకు చెందిన వాంగ్ జియానాన్. 2013లో మన దేశంలోని పుణె నగరంలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో అతడు లాంగ్ జంప్ స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది అమెరికాలోని యూజీన్ నగరంలో 8.08 మీటర్లు దూకి ప్రపంచ జూనియర్ విజేత అయ్యాడు. అంతటితో అతని సాధన ఆగలేదు. 1991లో 8.95 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన మైక్ పావెల్‌కు శిక్షణ ఇచ్చిన ర్యాండీ హంటింగ్టన్ అతనికి గురువుగా ఉన్నాడు. 2015లో బీజింగ్ ప్రపంచ పోటీలలో వాంగ్‌కు కాంస్యం లభించింది. అసలైన శిఖరం మాత్రం 2022లో వచ్చింది. అదే యూజీన్ నగరంలో, చివరి అవకాశంలో 8.36 మీటర్లు దూకి అతడు ప్రపంచ విజేతగా నిలిచాడు. జూనియర్ స్వర్ణానికీ ఈ స్వర్ణానికీ నడుమ దూరం 28 సెంటీమీటర్లు. ఆ దూరం దాటడానికి పట్టిన కాలం ఎనిమిదేళ్ళు.

రెండవవాడు దక్షిణాఫ్రికాకు చెందిన లువో మన్యోంగా. పార్ల్ పట్టణ సమీపంలోని ఎంబెక్వేని అనే పేదల వాడలో పెరిగాడు. 2010లో కెనడాలోని మాంక్టన్‌లో 7.99 మీటర్లు దూకి ప్రపంచ జూనియర్ స్వర్ణం సాధించాడు. మరుసటి ఏడాదే పెద్దల ప్రపంచ పోటీలలో ఐదవ స్థానం పొందాడు. ఇంతలోనే మత్తుపదార్థానికి బానిసయ్యాడు. 2012లో పరీక్షలో దొరికి పద్దెనిమిది నెలల నిషేధానికి గురయ్యాడు. అతనికి తొలినాళ్ళలో శిక్షణ ఇచ్చిన మారియో స్మిత్ 2014లో కారు ప్రమాదంలో మరణించాడు. అయినా మన్యోంగా మళ్ళీ లేచాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో 8.37 మీటర్లు దూకి, ఒక్క సెంటీమీటరు తేడాతో స్వర్ణం కోల్పోయి రజతం అందుకొన్నాడు. 2017లో లండన్‌లో 8.48 మీటర్లతో ప్రపంచ విజేత అయ్యాడు. కాని మాదకద్రవ్య పరీక్షల కోసం తన ఆచూకీ తెలుపవలసిన నియమాన్ని పాటించనందున, 2021లో అతనిపై నాలుగేళ్ళ నిషేధం ప్రకటించారు.

ఈ ఇద్దరిలో ఎవరి ప్రతిభ ఎక్కువ అని ప్రశ్నిస్తే సమాధానం చెప్పడం కష్టం. మన్యోంగా అత్యుత్తమ దూకు వాంగ్‌ను గెలిపించిన దూకు కంటే దూరమైనదే. తేడా కండబలంలో లేదు. తేడా దిగిన చోట ఉంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. వ్యసనం వ్యక్తిగత దోషం కదా, దానికి సమాజం ఏం చేయగలదని కొందరంటారు. వ్యక్తి తన తప్పుకు తాను బాధ్యుడే. నియమం ఉల్లంఘించినవానికి నిషేధం తప్పదు. కాని నిషేధం శిక్ష మాత్రమే, సంరక్షణ కాదు. పంతొమ్మిదేళ్ళ పేద యువకుని చేతికి ఒక్కసారిగా కీర్తి అందుతుంది. ఆ కీర్తితోపాటు ధనమూ, పొగడ్తలూ, కొత్త స్నేహాలూ వస్తాయి. వాటిని ఎలా మోయాలో అతనికి ఎవరు నేర్పారు? పతకం మెడలో వేసిన చేతులే ఆ తరువాత భుజం తట్టడానికి కూడా రావాలి.

పతకాల వలన పేద కుటుంబాలకు ఉద్యోగం, గౌరవం లభిస్తాయన్నది మరొక వాదం. అది కాదనలేని మాట. అందుకే పతకాన్ని తక్కువ చేయరాదు. అయితే దానిని ఫలంగా కాక పూతగా చూడాలి. పూత పూసిన చెట్టుకు నీరు మానేసే రైతు ఎక్కడా ఉండడు. సన్మానాలు చేసి, శాలువలు కప్పి, మరుసటి ఏడాది పేరు కూడా మరచిపోయే సమాజం మాత్రం ఉంది.

మన దేశంలో ఒక మంచి ఉదాహరణ లేకపోలేదు. 2021లో నైరోబీలో జరిగిన ఇవే పోటీల మహిళల లాంగ్ జంప్‌లో, ఝాన్సీకి చెందిన శైలీ సింగ్ 6.59 మీటర్లు దూకి రజతం సాధించింది. స్వర్ణం గెలిచిన స్వీడన్ క్రీడాకారిణి దూకింది 6.60 మీటర్లు. ఒక్క సెంటీమీటరు తేడా! అప్పటికి ఆ బాలిక వయస్సు పదిహేడేళ్ళు. బట్టలు కుట్టి బిడ్డలను పోషించిన తల్లి ఆమెను పెంచింది. 2003 ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచిన అంజూ బాబీ జార్జ్ దంపతులు బెంగుళూరులో ఆమెను చేరదీసి శిక్షణ ఇచ్చారు. 2023లో ఆసియా పోటీలలో ఆమె మళ్ళీ రజతం పొందింది. నైరోబీలో జారిపోయిన ఆ సెంటీమీటరు కంటే, ఆమె వెనుక నిలిచిన ఆ చేతులే విలువైనవి.

ఇటువంటి ఆసరా కొందరి అదృష్టంగా మిగిలిపోకూడదు. క్రీడా వసతిగృహాలలో శిక్షణతోపాటు చదువు సాగాలి. గాయపడిన వానికి చికిత్స, ఓడినవానికి ధైర్యం, గెలిచినవానికి హితవు చెప్పే పెద్దలుండాలి. ఎన్ని పతకాలు వచ్చాయన్న లెక్కతోపాటు, పదేళ్ళ క్రితం పతకం తెచ్చినవారు నేడు ఎలా ఉన్నారన్న లెక్క కూడా క్రీడాసంఘాలు వేయాలి. ప్రవేశపరీక్షలో ర్యాంకు పొందిన విద్యార్థి విషయంలోనూ ఈ మాట నిజమే. ర్యాంకు ఒక బోర్డు వంటిది. అక్కడి నుండి ఎగరాలే గాని అక్కడే నిలిచిపోరాదు.

అంగదుని మాట విని జాంబవంతుడు అతనిని పరిహసించలేదు, తొందరపెట్టి సముద్రంపైకి పంపనూ లేదు. కార్యానికి మూలమైన యువరాజును తామే కాపాడుకోవాలన్నాడు. ఆ తరువాతనే, ఒక పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుని వద్దకు వెళ్ళి అతని బలాన్ని అతనికి గుర్తు చేశాడు. ఎవరిని ఎప్పుడు దూకించాలో, ఎవరిని కాపాడుకోవాలో తెలిసినవాడే నిజమైన గురువు. యువతను దూకమని ప్రోత్సహించే సమాజం, వారు దిగే చోట ఇసుకను మెత్తగా ఉంచే బాధ్యతను కూడా స్వీకరించాలి.