తొందరపడని తలారి



నేరపరిశోధన చిత్రం అనగానే మనకు గుర్తుకు వచ్చేది చివరి మలుపు. హంతకుడెవరో ముందే పసిగట్టామా లేదా అన్నదే రసాస్వాదనకు కొలమానమైపోయింది. "అది కాలక్షేపం మాస్టారూ, అందులో నీతి వెతకకండి" అని సెలవిచ్చేవారూ ఉన్నారు. ఆ మాటను నేను అంగీకరించను. తెర మీద దేనికి చప్పట్లు కొట్టడం మరిగామో, తెర బయట కూడా దానికే కొడతాము.

నాకు మిక్కిలి ఇష్టమైన నేరచిత్రం ఫ్రిట్జ్ లాంగ్ 1931లో జర్మనీలో తీసిన 'ఎం'. ఫ్రెంచి విమర్శకులు 'ఫిల్మ్ నోయిర్' అన్న పేరును ఆ తరువాతే ప్రచారంలోకి తెచ్చారు. ఆ నలుపుకు బీజం మాత్రం ఇందులోనే ఉన్నది. పసిపిల్లలను చంపేవాడొకడు. పోలీసుల సోదాలతో తమ వృత్తి సాగక, దొంగలే వాణ్ణి వేటాడి పట్టుకొని తామే విచారణ జరుపుతారు. చంపండని అరిచే గుంపులో ప్రేక్షకుడూ ఒకడైపోతాడు. అప్పుడు హంతకుడు నోరు విప్పుతాడు. మన అసహ్యం తగ్గదు. కాని తీర్పు చెప్పవలసింది ఈ గుంపేనా అన్న సందేహం పుడుతుంది. హిట్లరు గద్దెనెక్కిన 1933లోనే దేశం విడిచిన లాంగ్, 1936లో అమెరికాలో తీసిన 'ఫ్యూరీ'లోనూ మూకోన్మాదాన్నే బోనెక్కించాడు.

ఇది పాశ్చాత్యుల గొడవ అనేవారు శూద్రకుని మృచ్ఛకటికం తెరవాలి. జంధ్యాన్ని కొలతాడుగా వాడి కన్నం వేసే శర్విలకుడు అందులోనివాడే. చేయని హత్యకు చారుదత్తునికి మరణశిక్ష పడుతుంది. వధ్యస్థానంలో తలారి తన తండ్రి చెప్పిన బుద్ధిని తలచుకుంటాడు: వంతు వచ్చింది కదా అని వెంటనే చంపకు, ఈలోగా ఏమైనా జరగవచ్చు! ఆ జాప్యంలోనే, చనిపోయిందనుకున్న వసంతసేన ప్రాణాలతో వచ్చి నిలుస్తుంది. తొందరపడి ఉంటే నిర్దోషి తల తెగేది. నేరకథాశాస్త్రమంతా ఆ తలారి మాటలో ఉన్నది.

మన చిత్రాలకూ ఒకప్పుడు ఈ దృష్టి ఉండేది. 1955లో కె.వి. రెడ్డి 'దొంగరాముడు'లో దొంగను చూపడానికి ముందు, తల్లి మందు కోసం దొంగతనానికి దిగిన పిల్లవాణ్ణి చూపాడు. 1989 నాటి 'అంకుశం'కు వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు దుర్మార్గుణ్ణి నడివీధిలో ఈడ్చుకుపోతాడు. మనం ఈలలు వేశాము. ఆ తరువాత ఎన్ని చిత్రాలలో తుపాకీయే తీర్పరి అయిందో మీకు తెలుసు.

ఇక తెర బయటి మాట. 2019 నవంబరు 27 రాత్రి, మా సాతంరాయికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలు ఘోరానికి బలి అయింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో మరణించారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్‌పుర్కర్ కమిషను 2022లో ఏమని తేల్చింది? పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది.

ఆ తల్లిదండ్రుల దుఃఖం చిన్నదా అని అడుగుతారు. కాదు, కానే కాదు. దుఃఖం న్యాయం అడుగుతుంది. నేరం ఎవరిదో నిరూపించడం దాని పని కాదు. అందుకు సాక్ష్యం కావాలి, విచారణ కావాలి. విచారణే జరగనప్పుడు ఆ తల్లిదండ్రులకు దక్కింది న్యాయమా, నిశ్శబ్దమా?

కాలక్షేపమనే మిత్రులను ఒక్కటే అడుగుతాను. ఆ పూలు చల్లడం మనకు ఎవరు నేర్పారు? సినిమా ఒక్కటే నేర్పిందని నేననను. ముప్ఫై ఏళ్ళు సాధన చేయించింది మాత్రం అదే.