మంచు అను మాటతో వచ్చిన చిక్కు

మా అంగడికి వచ్చు పిల్లలు విత్తనముల పొట్లము వెనుక ముద్రించిన ఆంగ్లవాక్యములు చదివి, “మంచు పోయిన పిదప నాటవలెనట” అని యింటి పెద్దలకు చెప్పుచున్నారు. పెద్దలును నమ్మి, సంక్రాంతి దాటువరకు వేచియుండి, మాఘమాసములో బంతి, జీనియా విత్తనములు చల్లుచున్నారు. మొలక వచ్చును, ఆకు వేయును, మొగ్గ తొడుగునాటికి చైత్రము ప్రవేశించును. అటుపిమ్మట కథ అందరకు తెలిసినదే.

ఇందు పిల్లల తప్పు లేదు. చిక్కంతయు మాటలోనే యున్నది. పొట్లముపై నున్న ఫ్రాస్టు వేరు, మన మంచు వేరు. శీతలదేశములయందు రాత్రివేళ నేల సున్న డిగ్రీలకు చల్లబడి, గాలిలోని తేమ ఆకులపై తెల్లని పొరగా గడ్డకట్టును. ఆకులోపలి నీరు సైతము గడ్డకట్టుటచే మొక్క తెల్లవారునప్పటికి నల్లబడి వాలిపోవును. బంతి, జీనియా, కాశితుంబ దీనికి ఓర్వవు. కావున ఇంగ్లండులో మే మాసము చివరివరకు వానిని ఆరుబయట నాటరు. మనకు దాపున ఉదకమండలములో డిసెంబరు, జనవరి మాసములందు ఈ పొరను చూడవచ్చును. మన గనుల సీమ సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నను, ధనుర్మాసపు వేకువను మనము చూచునది పొగమంచు, గడ్డిపై నీటిబొట్టు. అది మొక్కను చంపదు. కనకాంబరము మాత్రము చలికి ముడుచుకొని పూత తగ్గించును. ఎండ తగిలిన మరల పూయును.

మేమును ఒక యేడు ఈ పొరబాటు చేసినవారమే. ఫిబ్రవరిలో చల్లి, బిందెలతో నీరు మోసి, ఏప్రిలులో ఎండుపుల్లలు మిగిల్చుకొంటిమి. మన పేటలలో ఒక బిందె నీటి విలువ యెంతయో గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు. దసరాకు మరల పూలు కొనుక్కొంటిమి.

మన పెద్దలు కార్తెలు చూచి విత్తిరి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలకరి పడగానే జీనియా, కాశితుంబ చల్లవచ్చును. బంతికి మాత్రము పండుగనుండి వెనుకకు లెక్కింపవలెను. నారు ఇరువదియైదు ముప్పది దినములు, నాటిన పిదప పూతకు ఏబది అరువది దినములు, వెరసి మూడు నెలలు. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చినది. కార్తె సూర్యునిబట్టి, పండుగ తిథినిబట్టి నడచును గనుక, ఒక యేడు జూలై మొదటివారములో, మరియొక యేడు రెండవవారములో నారు పోయవలసియుండును. పంచాంగము చేతనుంచుకొనుట మేలు. భాద్రపద ఆశ్వయుజములలో మన జిల్లాలో వాన హెచ్చు. మడి ఎత్తుగా కట్టనిచో వేరు కుళ్లును. చేమంతి పగలు కురుచయగుకొలది మొగ్గ తొడుగును. ఆషాఢములోనే పిలకలు నాటిన గుబురుగా పెరిగి కార్తికమునకు నిండుగ పూయును. ఆలసించి నాటినది జానెడు పెరిగి నాలుగు పూలిచ్చును.

ఇక ఫ్లాక్సు, పిటూనియా, ఆస్టరు వంటి దొరల పూవుల మాట. అచ్చట వేసవిలో పూయునవి యిచ్చట చలికాలమున పూయును. బంగళా తోటలలో వానిని వానలు వెనుకబట్టిన పిదప చల్లెడివారని మా పెద్దలవలన వింటిమి. 2001లో గనులు మూతపడినవి. ఆ తోటపని తెలిసినవారు నేడు కొలదిమందియే. బెంగుళూరు లాల్‌బాగులో జనవరి 26 నాటి పుష్పప్రదర్శనము చూచినవారికి ఈ పూవుల అదను తెలియును.

ఒకే విత్తనము ఏటికి రెండుమార్లు అమ్ముడగుట వర్తకునకు లాభమే యని కొందరు మమ్ము పరిహసించిరి. ఆ లాభము మాకు వలదు. రాబోవు మృగశిరనుండి మా అంగడిలో కొన్న ప్రతి పొట్లముపై కార్తెపేరు తెలుగున వ్రాసి యిత్తుము. మాఘములో బంతివిత్తనము అడుగువారిని మాత్రము ఉత్తచేతులతో పంపెదము. కోపగింపవలదని ముందుగనే మనవి చేయుచున్నాము.