గుండు చెప్పు సాక్ష్యము

బొల్లారము దండులో పెరిగినవారికి తుపాకిమ్రోత క్రొత్తగాదు. తుపాకి సాక్ష్యము చెప్పునన్న సంగతి మాత్రము మనలో ననేకు లెరుగరు. గొట్టములోని మెలికచారలు గుండుపై గీతలు విడుచును. అనుమానమున్న తుపాకిని మరల కాల్చి, రెండు గుండ్లను సూక్ష్మదర్శినిలో ప్రక్కప్రక్కన నుంచి చూచినచో పోలిక తేలును. 1929లో చికాగోనందు పోలీసు వేషగాండ్రు కలసిన ముఠా యేడుగురిని చంపగా, ఆ గుండ్లు నగర పోలీసు తుపాకులవి కావని గొడార్డు నిపుణు డిట్లే తేల్చి వారి నింద బాపెను.

తుపాకి నిజముగ పోలీసులదే యైనచో? 2019 డిసెంబరు 6న షాద్‌నగరు చెంత చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మడిసిరి. వారిపై మోపబడిన నేరము ఘోరమైనదే. వారు తమ పిస్తోళ్లు లాగుకొని కాల్చిరని పోలీసులు చెప్పిరి. ఆ మాట నమ్మదగినది కాదనియు, చంపు నుద్దేశముతోనే వారిని కాల్చిరనియు సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము 2022లో నివేదించెను.

ఏడేండ్లు, అంతకు మించిన శిక్షగల నేరములలో శాస్త్రనిపుణుడు ఘటనాస్థలమునకు పోవలెనని 2023 నాటి నాగరిక సురక్షా సంహిత నిర్దేశించుచున్నది. ఇది చాలదు. పోలీసులే కాల్చినచోట తోటాల నేరి ముద్రవేయు పని పోలీసుల చేతిలో నుండరాదని మేము కోరుచున్నాము. ఆత్మరక్షణకై కాల్చిన పోలీసునకును ఇదియే రక్ష. ప్రభుత్వ మిందుకు జాగుచేయరాదు.