శాంటా సంచీకి మనం కట్టే సుంకం

ప్రతి డిసెంబరులోనూ మన సంఘంలో జరిగే ఒక తంతు మీద నాకు అభ్యంతరం ఉంది. పిల్లల కార్యక్రమం చివర శాంటా క్లాజ్ వేషంలో ఒక పెద్దమనిషి వస్తారు. ఆయన సంచీలోని కానుకలు ఆయనవి కావు; ఎవరి బిడ్డకు వాళ్ళే కొని, పేరు రాసి, ముందుగా అందించినవి. ఒక పిల్లవాడికి మోయలేనంత పెట్టె, పక్కవాడికి అరచేతిలో ఇమిడే పొట్లం. ఐదేళ్ళ పసివాడు శాంటా పక్షపాతం చూపాడనుకుంటాడు గాని, నాన్న జీతం సంగతి వాడికేం తెలుసు?

దీన్ని మనం వేడుక అంటున్నాం. నా దృష్టిలో ఇది పోటీ. ఇందులో బిడ్డ చిన్నబోకూడదని చిన్నపిల్లల తలిదండ్రులు డిసెంబరు రాగానే అదనపు సంపాదన కోసం పరుగెడుతున్నారు.

ఆ సంపాదన ఏపాటిదో లెక్క వేద్దాం. సాయంత్రం నాలుగు గంటలు ఏ గిడ్డంగిలోనో పని, గంటకు 15 డాలర్లు అనుకుందాం. వచ్చేది 60. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం, అంటే 4.59 పోతుంది. ఆదాయపు పన్ను 12 శాతం పడితే మరో 7.20. కారు గ్యాసుకు ఐదు తీసేస్తే మిగిలేది 43 డాలర్లు. పిల్లల్ని చూడడానికి ఒక మనిషిని పెట్టుకుంటే అదీ మిగలదు. ఒక బొమ్మ ఖరీదుకు ఒక సాయంత్రం చెల్లు. ఇంటికి చేరేసరికి ఆ బొమ్మతో ఆడవలసినవాడు నిద్రపోయి ఉంటాడు.

ఈపాటి దారి కూడా అందరికీ లేదు. ఎఫ్-1 విద్యార్థి చదువు సాగే రోజుల్లో కాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఎఫ్-2 మీద వచ్చినవారికి ఉద్యోగం చేసే హక్కే లేదు. హెచ్-4 వారిలో కొందరికి మాత్రం 2015 నుంచి పని అనుమతి దొరుకుతోంది. "క్యాష్ తీసుకో, ఎవరికి తెలుస్తుంది?" అని సలహా చెప్పే ఉదారులు మనలో తక్కువేం కాదు. అనుమతి లేనివారు ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మినా, పక్కింటి పిల్లల్ని డబ్బుకు చూసినా తప్పే. దొరికిపోతే చిక్కుల్లో పడేది ఆ ఇంటివాళ్ళ వీసా. సలహా చెప్పినాయన నిక్షేపంగా ఉంటారు.

ఇక క్రెడిట్ కార్డు. 24 శాతం వడ్డీకి 600 డాలర్లు ఏడాది పాటు నిలవబెడితే వడ్డీ ఒక్కటే 144 దాటుతుంది. అప్పు చేసి పప్పుకూడు తిన్నా కడుపైనా నిండుతుంది. ఈ బొమ్మలు జనవరికే మూల పడతాయి.

"ఇక్కడి బడిలో చదివే పిల్లలకు క్రిస్మస్ లేకుండా ఎలా?" అని అడుగుతారు. పండగ వద్దని ఎవరన్నారు? మనలోని క్రైస్తవ కుటుంబాలకు అది తాతల నాటి పండగ. గుంటూరు పల్లెల్లో ఇంటి ముందు నక్షత్రం, ఒక కొత్త జత, పిండివంటలు ఉంటే క్రిస్మస్ వచ్చినట్టే. డబ్బు కావాలంటే జనవరి నుంచే కూడబెట్టాలి. 1909లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్ళో ఒక బ్యాంకు క్రిస్మస్ క్లబ్ మొదలుపెట్టింది. వారం వారం కొంత వేసి పండగ ముందు తీసుకోవడం, అంతే. పాట లేని చీటీ అన్నమాట. ఇప్పటికీ చాలా క్రెడిట్ యూనియన్లలో ఈ ఖాతా ఉంది. వారానికి ఐదు డాలర్ల చొప్పున 50 వారాలకు 250. వడ్డీ కట్టనక్కరలేదు, వీసా భయం లేదు.

మన బొమ్మల కొలువు గుర్తు చేసుకోండి. ఏడాదంతా పెట్టెలో దాచిన పాత బొమ్మలే పండగకు మళ్ళీ మెట్లెక్కేవి. కొత్తది ఒకటి చేరితే అదే గొప్ప. పిల్లలు ఎన్నడైనా చిన్నబోయారా?

కనుక కార్యవర్గానికి నా మనవి ఇది. ఈ డిసెంబరు నుంచి ఇళ్ళ నుంచి తెచ్చే పెట్టెలు ఆపండి. సంఘం నిధి నుంచి ప్రతి బిడ్డకూ ఐదు డాలర్లకు మించని ఒకే రకం కానుక ఇవ్వండి. పుస్తకమో, రంగుపెన్సిళ్ళో చాలు. ఇంట్లో పడి ఉన్న మంచి బొమ్మలు మార్చుకోవడానికి హాలులో ఒక బల్ల వేయండి. పెద్ద కానుకలు ఇవ్వగలవారు ఇంట్లో ఇచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. నలుగురి ముందు మాత్రం శాంటా అందరి పిల్లల్నీ ఒకేలా చూడాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. కాదనేవారు వచ్చి కారణం చెప్పండి.